జాంబీలకి ఇంకా ఎవరైనా భయపడుతున్నారా?

రెండోఆట:

మళ్లీ ఓ జాంబీ సినిమా చూశా, అదే, చచ్చినవాళ్లు లేచొచ్చి బతికున్నవాళ్లని కరిచే రకం. పేరు చెప్పను, చెప్పినా మీరు చూసిన ఇంకో నాలుగింటితో కలిసిపోతుంది. ల్యాబ్‌లోంచి వైరస్ బయటపడుతుంది, టీవీలో వార్తలు చదివే ఆవిడ మధ్యలో ఆగిపోతుంది, ఓ అరడజను మంది ఒక బిల్డింగ్‌లో ఇరుక్కుంటారు. వాళ్లలో ఒకడు అప్పటికే కరిపించుకుని ఆ గాటు చొక్కా చేతి కింద దాచుకుంటాడు. వాడు చొక్కా చెయ్యి కిందికి లాక్కోవడం చూడగానే నేను ఫోన్ అందుకున్నా. మిగతా సినిమా చెవులకి వదిలేసి మెసేజ్‌లు చూసుకున్నా, పోయిందేమీ లేదు.

కానీ ఇంకోటి వస్తే అదీ చూస్తా. నా గోల అదే. దెయ్యం సినిమా ఒకటి బోర్ కొడితే కొన్నాళ్లు ఆ వైపే వెళ్లను. తోడేలు మనుషుల సినిమాలు ఏళ్ల తరబడి రాకపోయినా ఎవరికీ బెంగ లేదు. వీటికి మాత్రం చావు లేదు (అవును, తెలిసే అన్నా). 2002లో వచ్చిన '28 డేస్ లేటర్'కి 2025లో కూడా కొత్త భాగం తీశారంటే చూసేవాళ్లు ఉన్నట్టే కదా.

అడిగేది ఇది: జాంబీని మరీ అరగదీసేశారా, లేక తీసేవాళ్లకి చేతకాక ఇలా తయారైందా? "సమాజానికి ప్రతీక" టైపు సమాధానాలు వద్దు ప్లీజ్, అవి బోలెడు చదివా.

పాప్‌కార్న్‌పాపారావు:

చీప్ బాసూ. అంతే. డ్రాక్యులాకి కోట కావాలి, నల్లటి అంగీ కావాలి, యాస పెట్టి మాట్లాడే నటుడు కావాలి. జాంబీకి చిరిగిన చొక్కా, కాస్త ఎర్ర రంగు, ఖాళీగా ఉన్న ఫ్రెండ్స్ చాలు. డైలాగులు కూడా రాయక్కర్లేదు. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

మేకప్‌పెట్టె:

పాపారావు గారూ, చీప్ అన్న మాట నిజమే గానీ థ్రెడ్ అప్పుడే క్లోజ్ చేయకండి. నేను షార్ట్ ఫిల్ములకీ వెబ్ సిరీస్‌లకీ మేకప్ చేస్తుంటా, జాంబీ పని తరచుగా తగులుతుంది. సినిమా ఎక్కడ పాడవుతుందో చాలాసార్లు మాకు మేకప్ కుర్చీ దగ్గరే తెలిసిపోతుంది.

ఒక గాయానికి కావాల్సింది లిక్విడ్ లేటెక్స్ (రబ్బరు పాలు), టిష్యూ పేపర్. టిష్యూని పొరలు విడదీసి ఒక్క పొరే తీసుకోవాలి. కత్తెర పెట్టకూడదు, చేత్తో చింపాలి, లేకపోతే అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కనుబొమలకి ముందే వాజలీన్ రాయాలి, మర్చిపోతే తీసేటప్పుడు వెంట్రుకలు కూడా ఊడొస్తాయి, తిట్లు తినాలి. ఒక పూత లేటెక్స్, పైన టిష్యూ, మళ్లీ పూత, డ్రయ్యర్‌తో చల్లగాలి. ఆ అమ్మోనియా ఘాటుకి కుర్చీలో కూర్చున్నవాళ్లకి కళ్ల వెంట నీళ్లు. ఆరాక మధ్యలో చిన్నగా చింపి లోపల ముదురు ఎరుపు, ఇంకా లోపలికి నలుపు, చుట్టూ కమిలినట్టు ఊదా. ఇదంతా ఒక్క చెంపకి. అందరికీ ఇలాగే చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే వరసలు పెడతాం. ముందు వరసకి పూర్తి మేకప్, కళ్లలో లెన్సులు, పళ్లకి రంగు. మధ్య వరసకి మొహం మీద బూడిద రంగు, కళ్ల చుట్టూ నలుపు. వెనక వరసకి పౌడర్ కొట్టి, జుట్టు చెరిపి పంపించేస్తాం, ఎలాగూ ఫోకస్‌లో ఉండరు. పెద్ద సినిమాల్లోనూ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ వెనక వరసకి మాస్కులు, ఇంకా వెనకంతా కంప్యూటర్.

ఇక మీ ప్రశ్న. "ఈవిడ బతికున్నప్పుడు ఏం చేసేది?" అని అడిగే డైరెక్టర్ ఎప్పుడో ఒకరు తగులుతారు. ఆ రోజు నాకు పని చేయాలనిపిస్తుంది. మిగతావాళ్లు అడిగేది ఒకటే: "ఎంతమంది రెడీ?" మీరు ఫోన్ అందుకునేది ఈ రెండో రకం సినిమాల్లోనే.

జార్జ్ రొమేరో 1978లో తీసిన 'డాన్ ఆఫ్ ది డెడ్' చూడండి. మేకప్ టామ్ సవీని, మా పనిలో అందరూ గౌరవించే పేరు. అయినా చెప్తున్నా, జనానికి వేసిన మేకప్ అంత గొప్పగా ఉండదు. బూడిద రంగు పూసి వదిలేశారు, లైటు పడితే కొన్ని షాట్లలో మొహాలు నీలంగా కనిపిస్తాయి. నెత్తురు అచ్చం గోడకి వేసే పెయింటే. కానీ ఆ షాపింగ్ మాల్‌లో తిరిగే శవాల్లో ఒక నర్సు ఉంటుంది, ఒక నన్ ఉంటుంది, ఒక హరేకృష్ణ భక్తుడు ఉంటాడు. నిన్నటిదాకా వీళ్లెవరో బట్టలే చెప్పేస్తాయి. దానికి పదేళ్ల ముందు, 1968లో ఆయనే తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఇంకా నయం. మొదట్లో స్మశానంలో చచ్చిపోయిన జానీ చివర్లో గుంపుతో పాటు తిరిగొచ్చి తోడబుట్టిన బార్బరానే లాక్కెళ్తాడు. సెల్లార్‌లో చిన్నపిల్ల మేస్త్రీలు వాడే తాపీ ఒకటి తీసుకుని కన్నతల్లినే పొడుస్తుంది. ఆ సినిమా ఖర్చు 1,14,000 డాలర్లు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి నెత్తురు కింద చాక్లెట్ సిరప్ వాడారు. చీపే పాపారావు గారూ, ఒప్పుకుంటా. కానీ భయపెట్టింది సిరప్ కాదు, తాపీ పట్టుకున్నది సొంత కూతురు కావడం.

'ట్రెయిన్ టు బుసాన్' (2016) చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి. అందులో ముసలి అక్కాచెల్లెళ్లు ఇద్దరు ఉంటారు. ఒకావిడ జాంబీగా మారి అద్దం తలుపుకి అవతల నిలబడి ఉంటుంది. ఇవతల పెట్టెలో రెండో ఆవిడ. ప్రాణం కోసం పక్కవాళ్లని బయటే వదిలేసిన జనం మధ్య కూర్చుని వాళ్లని ఒకసారి చూస్తుంది, అద్దం అవతల తన మనిషిని చూస్తుంది, లేచి వెళ్లి తలుపు తీసేస్తుంది. రైలు నిండా జాంబీలున్న సినిమాలో నాకు నిద్ర పట్టనివ్వంది ఈ ఒక్కావిడే.

పాతరీలు:

మేకప్‌పెట్టె గారు బాగా చెప్పారు. ఇన్నిన్ని ఎందుకొచ్చాయన్నదానికి నాదొక ముక్క. 1968 సినిమాకి మొదట పెట్టిన పేరు వేరు. డిస్ట్రిబ్యూటర్లు పేరు మార్చినప్పుడు పాత టైటిల్ కార్డుతో పాటు దాని మీదున్న కాపీరైట్ లైను కూడా ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టంలో ఆ లైను లేకపోతే హక్కులు లేనట్టే. ఇంకేముంది, టీవీ వాళ్లు ఊరికే వేసుకున్నారు, టేపుల వాళ్లు ఊరికే అమ్ముకున్నారు. తీసినవాళ్లకి దక్కాల్సింది దక్కలేదు గానీ సినిమా చేరని చోటు లేదు. తలలో కాల్చాలి, కరిస్తే అయిపోయినట్టే, గుంపుగా వస్తాయి అన్న రూల్సు అందరి నోళ్లలో నానిపోయాయి. అదే రక్తపిశాచుల సంగతి చూడండి. 1922లో 'డ్రాక్యులా' నవలని అనుమతి లేకుండా 'నాస్ఫెరాటు' పేరుతో సినిమా తీస్తే, దాన్ని రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని జర్మనీలో తీర్పు వచ్చింది. జాంబీ తరఫున అలా కొట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

అసలు జాంబీ పుట్టిన హైతీలో, అదే ఆ కరీబియన్ దేశంలో, వాళ్ల కథల్లో జాంబీ ఎవర్నీ తినదు. అక్కడ భయం జాంబీ వచ్చి మీద పడుతుందని కాదు, తానే జాంబీ అయిపోతానేమోనని. చచ్చాక కూడా ఎవడో యజమాని పొలంలో చాకిరీ తప్పదేమోనని. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో బానిసలుగా నలిగి, తిరగబడి, 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం మరి. 1915 నుంచి 1934 దాకా అక్కడ అమెరికా సైన్యం తిష్ట వేసింది, ఆ రోజుల్లోనే ఈ కథలు అమెరికాలో పుస్తకాలకీ సినిమాలకీ ఎక్కాయి. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ'లో చెరకు మిల్లు సీను ఒకటుంది. తల మీద బుట్టలు పెట్టుకుని వరసగా నడుస్తుంటారు. ఒకడు తూలి మిషన్లో పడిపోతాడు. పక్కవాడు తల కూడా తిప్పడు, మిల్లు ఆగదు. విలన్‌గా వేసిన బేలా లుగోసి కళ్లని అన్నిసార్లు క్లోజప్‌లో చూపించారు గానీ, నన్ను పట్టుకున్నది మాత్రం ఆ మిల్లు చప్పుడు.

ప్రతీకలు వద్దన్నారు కదా, ఇది ప్రతీక కాదండీ, అక్కడివాళ్ల తాతముత్తాతలు అనుభవించినదే.

చిచ్చరపిడుగు:

అందరూ పాత సినిమాల దగ్గరే ఆగిపోయారు. నడిచే జాంబీలతో ఏం భయం సార్, కాస్త గబగబా నడిస్తే తప్పించుకోవచ్చు! ఈ జానర్‌ని బతికించింది పరిగెత్తేవే. డానీ బాయిల్ '28 డేస్ లేటర్' ఎక్కువ భాగం క్యానన్ ఎక్స్‌ఎల్1 అనే చిన్న డిజిటల్ కెమెరాతో తీశాడు. తెల్లవారుజామున లండన్ రోడ్ల మీద ట్రాఫిక్ కాసేపే ఆపగలరు కాబట్టి అంత తొందరగా సర్దుకునే కెమెరా కావాల్సొచ్చింది. అందులో వాళ్లు శవాలు కూడా కాదు, రోగం తగిలి పిచ్చెక్కిన మనుషులు. అది రాకపోతే జాంబీ ఎప్పుడో మ్యూజియంలో ఉండేది.

రెండోఆట:

మేకప్‌పెట్టె గారూ, దీనికేమంటారు? మీ లెక్కన పరిగెత్తేవాటికి మొహం ఎక్కడ కనిపిస్తుంది? నేను చూసి ఫోన్ తీసిన సినిమాలో అన్నీ పరిగెత్తేవే మరి.

మేకప్‌పెట్టె:

పిడుగు గారూ, పరుగు 2002లో మొదలవలేదు. 1985లో 'ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లోనే పరిగెత్తాయి. జాంబీలు మెదళ్లు తింటాయని జనం అనుకునేది కూడా ఆ కామెడీ వల్లే. రొమేరో శవాలకి అలాంటి ప్రత్యేకమైన రుచేమీ లేదు, ఏ భాగమైనా సరే.

పరుగు వల్ల మాకు పని తగ్గుతుంది, అబద్ధమెందుకు. ఊగే కెమెరా, చకచకా కట్లు, చీకటి ఉంటే నా అతుకులు ఎవరికీ కనపడవు. కానీ తప్పు పరుగుది కాదు. '28 డేస్ లేటర్'లోనే ఫ్రాంక్ అనే తండ్రి ఉన్నాడు చూడండి. పైన శవాన్ని కాకి పొడుస్తుంటే తల ఎత్తి చూస్తాడు, ఒక్క రక్తపు చుక్క కంట్లో పడుతుంది. ఇంక తనకి మిగిలింది కొన్ని క్షణాలే అని ఆయనకి తెలుసు. కూతురితో నువ్వంటే నాకు ప్రాణం అని చెప్పి, ఆ వెంటనే దగ్గరికి రావద్దని ఆ పిల్ల మీదే అరుస్తాడు. అక్కడ మేకప్ ఎంతుంది? దాదాపు సున్నా. చేసినదంతా బ్రెండన్ గ్లీసన్.

నా గొడవ గుంపుతో. 'వరల్డ్ వార్ జెడ్' (2013)లో జాంబీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి జెరూసలేం గోడ దాటతాయి. చూడ్డానికి అద్భుతమే, కాదనను. కానీ అది వరద, గట్టు తెగితే నీళ్లు వచ్చినట్టు వచ్చాయి. వరదంటే పారిపోతాం, ఆ నీళ్లలో ఏ చుక్క ఎవరిదని చూడం. 'ది వాకింగ్ డెడ్' కూడా అంతే. 2010లో మొదటి ఎపిసోడ్‌లో జాంబీగా మారిన భార్య రాత్రి ఇంటి ముందుకొచ్చి తలుపు పిడి తిప్పుతుంది. లోపల మొగుడు, పిల్లాడు. తర్వాత ఆ మొగుడు మేడ మీద నుంచి తుపాకీ గురిపెట్టి కూడా కాల్చలేక ఏడుస్తాడు. అలా మొదలైన సిరీస్ 11 సీజన్లు నడిచి 2022లో ముగిసింది. పోనుపోను అందులో శవాలు అడ్డొచ్చే ట్రాఫిక్ స్థాయికి దిగిపోయాయి, కొట్లాటలన్నీ బతికున్నవాళ్ల మధ్యే. నేను మధ్యలోనే దిగిపోయా.

అరగదీశారా అని కదా మీరు అడిగింది. అరిగింది వెనక వరసే. ముందు వరసలో తెలిసిన మొహం ఒకటి పెట్టమనండి, ఈ రోజుకీ పనిచేస్తుంది. చొక్కా చెయ్యి కింద గాటు దాచుకునేవాడు కూడా పాత ట్రిక్కే, అయినా వాడు మనకి తెలిసినవాడైతే మీరు ఫోన్ ముట్టుకునేవారు కాదు. మీ సినిమాలో వాడి పేరేంటో చెప్పండి చూద్దాం.

రెండోఆట:

గుర్తులేదు. గడ్డం ఉంది.

పాప్‌కార్న్‌పాపారావు:

హహ. సరే, ఓడిపోయా. కానీ ఒక్క మాట, గోడ ఎక్కే సీను నేను థియేటర్‌లో చూసి ఈలేశా, ఆ ఆనందాన్ని తీసేయకండి. అన్నిసార్లూ భయమే వేయాలని రూలేం లేదు.

మేకప్‌పెట్టె:

తీసేయను లెండి, ఈల మీ ఇష్టం.

రెండోఆట గారూ, ఈసారి 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) చూడండి, జపాన్‌ది. ఖర్చు సుమారు 30 లక్షల యెన్లు, అంటే మా లేటెక్స్ డబ్బాలు కూడా లెక్క చూసుకుని కొనే బడ్జెట్. మొదటి 37 నిమిషాలు ఒకటే షాట్, కట్ లేదు. ఆ 37 నిమిషాలూ ఘోరంగా ఉంటాయి. నటులు ఊరికే నిలబడిపోతారు, కెమెరా నేల మీద పడుంటుంది, అర్థం లేని అరుపులు. ఛీ అని ఆపేయాలనిపిస్తుంది. ఆపకండి. ఎక్కడెక్కడ చిరాకు వేసిందో గుర్తుపెట్టుకోండి, ముఖ్యంగా ఆ కెమెరా పడిపోయిన చోటు. చూశాక వచ్చి రాయండి, అంతవరకూ ఎవరూ స్పాయిలర్ ఇవ్వొద్దు. పాపారావు గారూ, మీకే చెప్తున్నా.