మా గుడి గంట మళ్లీ కొట్టాలనుకుంటున్నాం, తెలిసినవాళ్లు చెప్పండి

గంగినేని చెరువు గట్టు
అందరికీ నమస్తే. చిత్తూరు పక్కన మా ఊరి క్యాథలిక్ గుడిలో (చర్చిలో) పాత కంచు గంట ఉంది. మోగి 14 ఏళ్లయింది. గంట కొట్టే తాత పోయాక ఒకరిద్దరు ప్రయత్నించారు, తాడు తెగింది, అంతటితో సరి. అప్పట్నుంచి మైకులో రికార్డు గంటే. ముందు కిర్రుమంటుంది, తర్వాత గంట, ఎవరైనా పక్కనుండి ఆపకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెళ్లి పాట.

కొత్తగా వచ్చిన ఫాదర్ క్రిస్మస్‌కల్లా అసలు గంటే కొట్టాలంటున్నారు. యూత్ వాళ్లం ఆరుగురం సరేనన్నాం. ఒక్కరికీ గంట కొట్టడం రాదు. పైకెక్కి ముందు ఏం చూడాలి? తాడు ఏది? ఎన్ని దెబ్బలు?

రేణిగుంట ఫిట్టర్
తమ్ముడూ, ముందు చూడాల్సింది గంటని కాదు, గంట వేలాడే దూలాన్ని. చెక్కదైతే స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా పొడిచి చూడండి. మెత్తగా దిగిందా, ఆ రోజుకి గంట జోలికి పోవద్దు. బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. పావురాల రెట్ట ఎలాగూ ఉంటుంది, మాస్కు కట్టుకుని ఎక్కండి.

తర్వాత నాలుక, అంటే లోపల వేలాడుతూ గంటకి తగిలే కడ్డీ. అది తగులుకున్న కొక్కెం లోపలివైపు అరిగి ఉంటుంది, కింద నిలబడి చూస్తే కనపడదు. నేను చూసిన ఒక గంటకి కొక్కెం చిటికెన వేలంత కూడా మిగల్లేదు. అదే తెగితే నాలుక నేరుగా తాడు లాగేవాడి నెత్తిన పడుతుంది.

ఇవి సరిగ్గా ఉంటే గంట అంచు మీద చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. మోత సాగుతూ పోతే మంచిదే. పగిలిన కుండలా బొంగురుగా పలికితే బీట ఉన్నట్టు. బజార్లో వెల్డింగ్ పెట్టించకండి. గంట కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు. అంత తగరం ఉంటే లోహం పెళుసు, వేడి తగిలితే బీట ఇంకా సాగుతుంది. నాలుక తగిలే చోట గుంట పడి ఉంటే గంటని పావు వంతు తిప్పి బిగించండి, అప్పుడు కొత్త చోట తగులుతుంది.

పుంగనూరు ఆవు
నాలుకకే తాడు కట్టి గుంజకండి. మా చర్చిలో చేసిన తప్పు అదే. గంటని ఊపాలంటే బలం కావాలి, నాలుకకి కడితే చిన్నపిల్లోడు కూడా కొట్టేస్తాడు. మా వాళ్లు అలాగే కట్టి క్రిస్మస్ రాత్రి పోటీ పడి లాగారు. జనవరికల్లా బీట.

తాడు విషయానికొస్తే, నైలాన్ వద్దు, జారి అరచేతులు కాలతాయి. లావుపాటి నూలు తాడు తీసుకోండి. వానకి తడిస్తే బిగుసుకుంటుంది, కొంచెం వదులుగా వేలాడదీయండి.

మార్తక్క, పలమనేరు
మా నాన్న ఉపదేశి, అంటే చర్చిలో జపాలు నేర్పేవాడు, 30 ఏళ్లు గంట ఆయనదే. మరియమ్మకి రోజూ మూడు పూటలా చేసే త్రికాల జపానికి పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6. మూడు దెబ్బలు కొట్టి ఆపాలి. మళ్లీ మూడు, మళ్లీ మూడు. చివర తొమ్మిది. మధ్యలో ఎంత ఆపాలంటే, ఒక మంగళవార్త జపం, అదే మరియమ్మకి చెప్పే చిన్న ప్రార్థన, చెప్పుకునేంత. నాన్నకి గడియారం లేదు, పెదాలు కదిలేవి అంతే.

చావు గంట వేరు. ఒక్క దెబ్బ కొట్టి, మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, అప్పుడు ఇంకొకటి. అది వినపడగానే మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వీధిలోకి వచ్చేది.

ఇంకోటి నాయనా, ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం పాడటం అయ్యాక శనివారం రాత్రి మహిమ గీతం దాకా గంట ముట్టకూడదు. ఆ రెండు రోజులూ గంటకి బదులు చెక్క చప్పుడే. ఆ చెక్క కూడా మీ గుడి అటక మీద ఎక్కడో ఉంటుంది, వెతకండి.

గోవిందరాజుల వీధి
మాది హిందూ కుటుంబం, అయినా రాయాలనిపించింది. తిరుమలలో నైవేద్యం గంట తిరుమామణి మండపంలో మోగితే, దారిపొడవునా గంట మండపాల్లో ఒకరి తర్వాత ఒకరు అందుకుని చంద్రగిరి దాకా మోగించేవారని, అది విన్నాకే రాజు విస్తరి ముందు కూర్చునేవాడని మా అవ్వ చెప్పేది. ఆవిడకి మాత్రం టైము మా వెనక వీధి చర్చి గంటే. సాయంత్రం గంట వినపడితే దీపం పెట్టేది.

ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆంక్షలున్నాయి. మైకులకే అనుకుంటారు, శబ్దం చేసే పరికరాలన్నీ అందులోకే వస్తాయి. తెల్లారి 5కి కొట్టకండి. క్రిస్మస్ రాత్రికి ముందే స్టేషన్‌లో అడిగి పెట్టుకోండి.

మదనపల్లె టు లండన్
ఇక్కడ గంటలకి చక్రాలుంటాయి, పూర్తిగా తలకిందులై తిరిగొస్తాయి. ఒక్కో గంటకి ఒక్కో మనిషి, లెక్క ప్రకారం వరస మార్చుకుంటూ కొడతారు. ఏడు గంటలు వేలాడుతుంటే 5,040 వరసలు, అన్నీ కొట్టాలంటే దాదాపు మూడు గంటల టైము! మొదటి ప్రపంచ యుద్ధంలో 1,400 మంది గంట కొట్టేవాళ్లు చనిపోయారని, అంతమందిని కొత్తగా చేర్చుకుందామని 2018లో పిలుపిచ్చారు. పూణె పంచ్ హౌద్ చర్చిలో కూడా ఇలాంటివి 8 ఉన్నాయి.

మీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, నేర్చుకునేవాళ్లకి నాలుక కట్టేసి ఇస్తారు. చెయ్యి తిరిగేదాకా ఊరికి వినపడదు.

రేణిగుంట ఫిట్టర్
ఇది మంచి మాట. నాలుకకి పాత సైకిల్ ట్యూబు చుట్టండి, చాలు.

గంగినేని చెరువు గట్టు
అప్‌డేట్. దూలం ఒక కొస మెత్తబడి ఉంటే ఆచారి చేత మార్పించాం. గంటకి బీట లేదు. ట్యూబు చుట్టి మూడు వారాలు ప్రాక్టీస్ చేశాం. చెక్క కూడా దొరికింది అక్కా, అటక మీద కాదు, వంటగదిలో పచ్చడి జాడీ మీద మూతగా ఉంది.

నిన్న మధ్యాహ్నం 12కి మొదటిసారి. తాడు నా చేతిలో. టెన్షన్‌లో జపం మరీ నిదానంగా చెప్పుకున్నానేమో, పైగా చివరి తొమ్మిదికి కూడా దెబ్బకో జపం చెప్పుకున్నా. దిగొచ్చేసరికి గేటు దగ్గర పదిమంది. టీ కొట్టాయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఎవురు పోయినార్రా?"

ఎవరూ పోలేదని ఫాదర్ మళ్లీ మైకులోనే చెప్పాల్సి వచ్చింది.

మార్తక్క, పలమనేరు
తొమ్మిదీ ఆపకుండా కొట్టాలి నాయనా. సాయంత్రం 6కి మళ్లీ కొట్టు.