లోహం తీసే రాయిని ఇంగ్లీషులో ఓర్ (ore) అంటారు. తెలుగులో ముడి ఇనుమా, ధాతువా, ముడి ఖనిజమా? ఏది రాయాలి?

రాయగడ మాస్టారు:
పదో తరగతి పిల్లలకు సైన్స్ ట్యూషన్ చెబుతాను. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. తెలుగు పుస్తకం చూసి రాసుకున్న నా నోట్సులో "బాక్సైట్ అల్యూమినియం ధాతువు" అని ఉంది. ఒక పిల్ల లేచి "బాక్సైట్ రాయి కదా సార్, ధాతు అంటారేంటి?" అంది. ఒడియాలో ధాతు అంటే లోహం. ఆ పిల్ల తప్పేం లేదు. ఇంకోపక్క పేపర్లో కేకే లైన్ (కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం) వ్యాగన్ల గురించి "ముడి ఇనుము రవాణా" అని రాస్తున్నారు. ఈ రెండూ వదిలేసి "ముడి ఖనిజం" అనే రాద్దామని నా మాట. మీరేమంటారు?

కొరాపుట్ రైల్వే కాలనీ:
ముడి ఇనుము అంటే వచ్చిన నష్టమేంటి మాస్టారూ? కిరండూల్ నుంచి విశాఖ వెళ్ళే బండిలో ఏముందో ఇక్కడ తెలియనివాళ్ళు లేరు. మా ఇళ్ళలో అయితే "ఓర్ బండి" అంటాం.

రాయగడ మాస్టారు:
మీకు తెలుసు అన్నా, మీరు రోజూ చూస్తారు. గుంటూరులో పేపరు చదివేవాళ్ళ సంగతేంటి? ఆ బండిలో ఉన్నది హెమటైట్, ఇనుమూ ఆక్సిజనూ కలిసిన రాయి. దాన్ని కోక్, సున్నపురాయితో బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేసి కరిగించాక మొదట దిగే లోహం ఉంటుంది చూడండి, కార్బన్ ఎక్కువై పెళుసుగా ఉండేది, ముడి ఇనుము అనే పేరు దానికి సరిపోతుంది. రెండింటికీ ఒకే పేరు పెడితే బండిలో పోయేది రాయో లోహమో ఎలా తెలుస్తుంది?
నా దగ్గర ఒక ముక్క ఉంది. బూడిద కలిసిన నలుపు. చేతిలోకి తీసుకుంటే అదే సైజు కంకరరాయి కన్నా బాగా బరువు. బాత్రూం టైలు వెనక గరుకువైపు దానితో గీస్తే ఎర్రటి గీత పడుతుంది. నల్లరాయి ఎర్రగా గీస్తుందా అని పిల్లలు ఒకటికి రెండుసార్లు గీసి చూస్తారు.

పర్లాకిమిడి:
ముడి ఇనుము విషయం ఒప్పుకుంటాను. ధాతువును మాత్రం అంత తేలిగ్గా తీసేయకండి. కొండల్లో దొరికే మణిశిల వంటివాటిని ధాతువులంటారని, అందులోనూ ప్రత్యేకంగా జేగురును అంటారని అమరకోశంలో ఉంది. జేగురులో ఉన్నది ఇనుప ఆక్సైడే. తెలుగు పుస్తకాలవాళ్ళు ఆ మాటను గాల్లోంచి తేలేదు. పక్క భాషలో వేరే అర్థం ఉందని మన మాట మనం వదులుకోవాలా?

సిరొంచ:
మా గడ్చిరోలి జిల్లాలోనూ ఇదే గొడవ. మరాఠీలో ధాతూ అంటే లోహం, ఓర్‌కి ధాతుక. ఒక్క "క" దగ్గర మా అబ్బాయికి మార్కులు పోయాయి. అయినా ఖనిజం అంటే చాలదా? మళ్ళీ ముడి ఎందుకు?

రాయగడ మాస్టారు:
పర్లాకిమిడి పెద్దాయనా, అమరం సంగతి నాకు తెలియదు. ధాతువు తప్పు అని ఇక అనను. కానీ వ్యాకరణంలో ధాతువు, ఆయుర్వేదంలో సప్తధాతువులు, బళ్ళో లోహం, ఇన్ని అర్థాల మధ్య నా పిల్లలు నలిగిపోతున్నారు. మీ ఊళ్ళో పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. పిల్లవాడికి తెలిసిన మాటతో మొదలుపెట్టాలనే నేనూ అడుగుతున్నాను.
సిరొంచ తమ్ముడూ, ఖనిజం ఒక్కటే చాలదు. పెరట్లో బంకమట్టిలోనూ అల్యూమినియం ఉంది. గిట్టదు కాబట్టి దాన్నుంచి ఎవరూ తీయరు. పంచపట్మాలి కొండ నెత్తిన ఉన్న బాక్సైట్‌ నుంచి తీస్తారు. సుమారు నాలుగైదు టన్నుల రాయికి రెండు టన్నుల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్), దాన్నుంచి ఒక టన్ను లోహం వస్తాయి. 1886లో కరెంటుతో అల్యూమినియం తీసే పద్ధతి, 1888లో బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే బేయర్ పద్ధతి వచ్చాకే ఆ లెక్క గిట్టుబాటైంది. అంతకుముందూ ఆ రాయి అక్కడే ఉంది, దాన్ని ముడి సరుకుగా చూసినవాళ్ళు లేరు.
ఇంకో సంగతి. 2013లో నియమగిరి కొండల మీద 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అక్కడి డొంగ్రియా కోంధు గిరిజనులకు అది వాళ్ళ దేవుడు నియమరాజు ఉండే కొండ. దాన్ని ముడి ఖనిజం అన్నామంటే తవ్వి లోహం తీయడానికే ఉందన్నట్టు. "ముడి" అనే మాటలో ఆ ఉద్దేశం కనబడుతుంది. అది కనబడాలనే నేను కోరుకుంటున్నాను.

కొరాపుట్ రైల్వే కాలనీ:
ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. సరే, రాతలో ముడి ఖనిజం.

పర్లాకిమిడి:
"ఇనుప ముడి ఖనిజం" అంటే నోరు తిరగదు మాస్టారూ. ఒడియావాళ్ళు హాయిగా లుహాపథర అంటారు. మనం ఇనుపరాయి అనకూడదా?

రాయగడ మాస్టారు:
అనొచ్చు, బాగుంది. ఆదివారం నోట్సులో ముడి ఖనిజం అని రాయించి, పక్కన ఇనుపరాయి, లుహాపథర కూడా రాయిస్తాను. ఒడియా పరీక్షలో ధాతు అంటే లోహమని అడుగున ఎర్రగీత గీయిస్తాను, ఆ రాయితోనే.