అంబాసిడర్‌లో రొద తగ్గాలంటే షీట్లు ఎక్కడ, ఎంత అతికించాలి?

ప్రశ్న (కాకినాడ): నాన్నగారి 1986 మార్క్ 4 అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాను. ఇంజను బాగుంది కానీ వేగం 50 దాటితే పక్కవారి మాట వినపడదు. రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి అమ్మకు తలనొప్పి పట్టుకుంది. సీట్లు కుట్టడానికి ఇచ్చాను, ఫ్లోరు ఖాళీగా ఉంది. ఇప్పుడే అంతటా షీట్లు వేయిద్దామని ఉంది. తారు షీటు చవక, బ్యూటైల్ షీటు ఖరీదు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు (విజయవాడ): తారు షీటు వద్దండి. మన ఎండలకు మెత్తబడి బండంతా వాసన కొడుతుంది, పైకప్పుకు వేస్తే జారిపోతుంది. బ్యూటైల్ రబ్బరు మీద అల్యూమినియం పొర ఉన్నది తీసుకోండి, 2 మి.మీ. మందం చాలు.

అయితే ఆ షీటు శబ్దానికి గోడ కాదు. రేకు కంపనాన్ని రబ్బరు పొర వేడిగా మార్చి అణచివేస్తుంది, అంతే దాని పని. అందుకే అంగుళం వదలకుండా కప్పడం దండగ. పైగా చదరపు మీటరుకు దాదాపు 3 కిలోల బరువు. వేలి కణుపుతో రేకును కొట్టుకుంటూ వెళ్లండి. ‘ఢంగ్’ మని మోగిన చోట నడిమధ్యన పావు వంతు నుంచి మూడో వంతు వరకు అతికిస్తే ‘టప్’ మని ఊరుకుంటుంది. మడతలు, అంచుల దగ్గర రేకు ఎలాగూ బిగువుగానే ఉంటుంది.

కాకినాడ అన్నారు కాబట్టి నా అసలు భయం తుప్పు గురించి. నా బండికి తుప్పును పైపైన గీకి షీటు వేశాను. రెండు వానాకాలాలు గడిచాక మూల పట్టి లాగితే, షీటుతో పాటు ఫ్లోరు కూడా గోధుమరంగు పొరలుగా ఊడి వచ్చింది. ఫ్లోరు రేకు మీది పాత ఫెల్టు (మెత్తటి పీచు పరుపు) మొత్తం తీసి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. దిగబడితే కోసి కొత్త రేకు వెల్డింగు చేయించాల్సిందే. అది షీట్లకు ముందే జరగాలి, ఎందుకంటే తర్వాత వెల్డింగు పెడితే రబ్బరుకు నిప్పంటుకుంటుంది. ప్రైమరు, రంగు పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అల్యూమినియం మీది గళ్లు చదునయ్యేదాకా రోలరుతో నొక్కాలి. కింద గాలి మిగిలితే అక్కడే చెమ్మ చేరుతుంది.

ప్రశ్న (కాకినాడ): మరి డోర్లకు? ఇంజను వైపు నుంచి వచ్చే హోరుకు?

జవాబు (విజయవాడ): డోరు బయటి రేకుకు లోపలి వైపున ఒక ముక్క చాలు. అద్దం పక్క నుంచి దిగే నీరు డోరు అడుగు రంధ్రాల గుండా పోతుంది, వాటిని మాత్రం మూయకండి.

ఇంజను హోరు చాలావరకు రంధ్రాల్లోంచే వస్తుంది. స్టీరింగ్ కడ్డీ, వైర్ల కట్ట, స్పీడోమీటర్ కేబులు దూరే చోట రబ్బర్లు ఎండి పగిలి ఉంటాయి. రాత్రి పూట లోపల కూర్చుని, ఇంజను వైపు నుంచి ఎవరినైనా టార్చి వేయమనండి. వెలుతురు కనిపించిన ప్రతి చోటా రొద కూడా దూరుతుంది. డోరు బీడింగుకు (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీకి) కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా వచ్చేస్తే బీడింగు మార్చాలి. ఈ రెండూ అయ్యాకే షీట్లు.

ప్రశ్న అడిగినవారు: టార్చి వేయించాను అండీ. స్టీరింగ్ కడ్డీ చుట్టూ రబ్బరు అసలు లేనే లేదు. డ్రైవరు కాళ్ల కింద ఫెల్టు తీస్తే రూపాయి బిళ్లంత చిల్లు! బండి రేపు వెల్డింగుకు ఇస్తున్నాను. రబ్బర్లు వేశాక అమ్మను ఒకసారి తిప్పి చూసి, అప్పుడు షీట్లు కొంటాను.