ఇంజిను వేడెక్కాకే పి0090: వైరులో లోపమా, ఈసీయూలోనా?

కారు 1.3 లీటర్ కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి ఇంధనం అందే) డీజిల్. ఇంధన ప్రెషర్‌ను అదుపు చేసే రెగ్యులేటరు హై ప్రెషర్ పంపు మీదే ఉంటుంది. రెండు వైర్లు: ఒకటి 12 వోల్టుల సప్లై, రెండోది ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పల్సులతో ఎర్త్ చేసే కంట్రోల్ వైరు.

చల్లగా ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. 20-25 నిమిషాలు నడిచాక ఒక్క కుదుపుతో ఆగిపోతుంది, కోడ్ పి0090 (రెగ్యులేటరు కంట్రోల్ సర్క్యూట్ లోపం). ఆగే ముందు స్కానరులో ఐడిలింగ్ రైల్ ప్రెషర్ 280 బార్ నుంచి ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. కరెంటు పోతే తెరుచుకుని పంపులోకి ఇంధనాన్ని పూర్తిగా వదిలే రకం వాల్వు కాబట్టి అది సహజమే. అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది.

కాయిల్ రెసిస్టెన్స్ చల్లగా 2.9, వేడిగా 3.3 ఓమ్‌లు. అయినా రెగ్యులేటరు కొత్తది వేశాను (తొందరపడ్డాను, డబ్బు దండగ), మార్పు లేదు. కనెక్టరు పిన్నులు శుభ్రం చేసి బిగించాను, రిలే మార్చాను. సప్లై వైరుకి 21 వాట్ల బల్బు తగిలించి వేడి మీద చూస్తే వోల్టేజి తగ్గుదల 0.2 మాత్రమే, అంటే సప్లై బాగానే ఉంది. కంట్రోల్ వైరు ఈసీయూ పిన్ను దాకా 0.3 ఓమ్‌లు, కానీ అది చల్లగా ఉన్నప్పుడు కొలిచింది. లోపం వచ్చిన క్షణంలో కొలవడం కుదరలేదు. వైరింగ్ కదిపి చూసినా కోడ్ రాలేదు.

ఓసిల్లోస్కోపు లేదు. మల్టీమీటరు, బల్బులతోనే, వేడి మీద తెగుతున్నది కంట్రోల్ వైరా, ఈసీయూ లోపలి డ్రైవరా (ఆ వైరును ఎర్త్ చేసే స్విచ్) అని ఖాయంగా తేల్చే పరీక్ష ఏది?