ఎస్సెన్ కింద గని నీటిని పైకి రానివ్వడం తప్పా, ఒప్పా? (నలుగురి చర్చ; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

భూగర్భం

జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతానికి నడిబొడ్డు ఎస్సెన్. ఆ ఊళ్ళో చివరి గని త్సోల్‌ఫెరైన్ 1986 డిసెంబర్ 23న మూతపడింది. పక్కనున్న బోట్రోప్‌లో ప్రోస్పర్-హానియెల్ గని 2018 డిసెంబర్ 21న మూతపడటంతో రూర్‌లో బొగ్గు తవ్వకమే ముగిసింది. తవ్వకం ముగిసినా గనుల్లోకి ఊరే నీళ్ళు తోడటం మాత్రం ముగియలేదు. గనుల యజమాని ఆర్‌ఏజీ కంపెనీ ఇప్పుడు ఆ నీటిని చాలాచోట్ల సుమారు 600 మీటర్ల లోతు దాకా ఎక్కనిచ్చి, 13గా ఉన్న తోడకం కేంద్రాలను 6కి తగ్గించే పద్ధతి పట్టింది. త్సోల్‌ఫెరైన్ కేంద్రం ఆ ఆరింటిలో లేదు.

ఇది తప్పని నా వాదన. 1960ల నుంచి 1980ల మధ్య దాకా గని యంత్రాల్లో నిప్పంటుకోని హైడ్రాలిక్ ద్రవాలు వాడారు. వాటిలో పీసీబీ అనే విషరసాయనం ఉండేది. కారిందంతా కింద రాళ్ళలో, బొగ్గు బురదలో మిగిలిపోయింది. నీళ్ళెక్కి గ్యాలరీలు (గని లోపలి సొరంగాలు) మునిగితే ఎక్కడ ఎంత ఉందో చూసే దారే ఉండదు. తోడే ఖర్చు భరించేవాళ్ళే మట్టం ఎంత ఉండాలో ప్రతిపాదించడం కూడా నాకు నచ్చలేదు.

నీటిలెక్క

భూగర్భం గారూ, ఇలాంటి ప్రతి చర్చలో ఒక పొరపాటు దొర్లుతుంది. "పంపులు ఆపితే ఎస్సెన్ మునిగిపోతుంది" అంటారు. అక్కడున్నవి రెండు రకాల పంపులు.

మొదటిది లోతు పంపు. వందల మీటర్ల కిందనుంచి గని నీటిని తోడుతుంది. రెండోది నేలమీద పంపు. లాంగ్‌వాల్ పద్ధతిలో, అంటే పొడవాటి గోడలా బొగ్గు పొరను మొత్తం కోసి తీశాక, పైకప్పు ఆ ఖాళీలోకి (దీన్నే గోఫ్ అంటారు) కూలి నేల కుంగింది. రూర్‌లో కొన్నిచోట్ల ఆ కుంగుడు 20 మీటర్లు దాటింది. వాగులకన్నా ఊరే పల్లమైపోయింది. వాననీరు తనంతట తాను పోలేదు కాబట్టి ఎత్తిపోయాలి. ఎమ్‌షర్ నది పరీవాహకంలో మూడో వంతుకు పైగా నేల ఇలాంటిదే. ఊరిని పొడిగా ఉంచేవి ఈ రెండో రకం పంపులు. వీటిని ఎవరూ ఆపడం లేదు, ఆపలేరు కూడా. మన చర్చ మొదటి రకం గురించే.

దానికి కరెంటు లెక్క చూడండి. ఒక ఘనమీటరు నీటిని 1000 మీటర్లు ఎత్తాలంటే సిద్ధాంతపరంగానే 2.7 యూనిట్లు కావాలి. పంపు, మోటారు, పైపు నష్టాలు పోను సామర్థ్యం 70 శాతం అనుకుంటే 3.9 యూనిట్లు. అదే 600 మీటర్లయితే 2.3. అంటే ఏడాదికి కోటి ఘనమీటర్లు తోడే చోట సుమారు 1 కోటి 56 లక్షల యూనిట్ల తేడా. ఒక ఏడాదికి కాదు, ఎప్పటికీ.

షాఫ్ట్ 12

కరెంటుకన్నా పెద్ద తేడా మనుషుల భద్రతలో ఉంది. పాత పద్ధతిలో పంపుల గది గని లోపలే ఉంటుంది. ఆ గది కోసం గాలి ఆడించాలి, బోను (మనుషుల్ని దించే లిఫ్టు) నడపాలి, షాఫ్ట్ (గని నిలువు బావి) గోడలు బాగుచేస్తూ ఉండాలి, సిబ్బంది కిందికి దిగాలి. కొత్త పద్ధతిలో షాఫ్ట్‌లోకి పెద్ద గొట్టాలు దించి, చుట్టూ పూడ్చి, ఆ గొట్టాల్లోంచి సబ్‌మెర్సిబుల్ పంపు వేలాడదీస్తారు. చెడిపోతే పైనుంచే క్రేన్‌తో లాగేస్తారు. బోరుబావిలో మోటారు దించినట్టే, కొలతలు మాత్రం చాలా పెద్దవి.

ఇందులో చెడేది ఎక్కువగా ఇనుము వల్ల. గని నీటిలో కరిగిన ఇనుముకు గాలి తగిలితే తుప్పురంగు మడ్డి కట్టి, ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) మీద, పైపు లోపల పేరుకుంటుంది. అందుకే పంపు నోటిని నీటిమట్టానికి బాగా దిగువన ఉంచాలి, గాలి పీల్చకూడదు. పైకి తెచ్చాక ఇనుమును దింపేయకుండా నదిలోకి వదలకూడదు.

భూగర్భం గారి పీసీబీ భయంలో నిజం ఉంది. అయితే పీసీబీ నీళ్ళలో పెద్దగా కరగదు, మట్టి రేణువులకు అంటుకుంటుంది. లోతు గ్యాలరీల్లో నీళ్ళు పారుతూ బురదను కోసుకొస్తే పైకి వస్తుంది, మునిగి నిలకడగా ఉంటే అక్కడే పడుంటుంది. ఉప్పు కూడా అంతే. బరువైన ఉప్పునీరు అడుగున పొరగా నిలుస్తుంది, పై పొరలోంచి తోడితే నదికి చేరే ఉప్పు తగ్గుతుంది.

భూగర్భం

పొరలు నిలకడగా ఉంటేనే ఆ మాట నిలబడుతుంది. పాత గనులన్నీ ఒకదానితో ఒకటి తొలిచి కలిపినవి. త్సోల్‌ఫెరైన్ దగ్గర తోడటం మానేస్తే ఆ నీళ్ళు కిందనుంచే పడమటికి, డిన్స్‌లాకెన్‌లోని లోబెర్గ్ తోడకం కేంద్రం షాఫ్ట్ దాకా పోవాలి. దారిలో ఒకచోట గ్యాలరీ కూలి మూసుకుపోతే వెనక మట్టం పెరుగుతుంది. పైగా ఎండి ఉన్న గోఫ్‌లో పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) ఏళ్ళ తరబడి గాలికి మారి ఉంటుంది, నీళ్ళు మొదటిసారి ఎక్కినప్పుడు ఇనుము, సల్ఫేట్ ఒక్కసారిగా కడుక్కొస్తాయి. శుద్ధి ఏర్పాటును సగటుకు కాక ఆ మొదటి కడుగుడుకు సరిపడా కట్టాలి.

ఇక వాసెన్‌బెర్గ్ అనే ఊరి సంగతి. ఎస్సెన్‌కు నైరుతిగా, హ్యూకెల్‌హోఫెన్‌లోని సోఫియా-యాకోబా గని 1997లో మూసి నీళ్ళు ఎక్కనిచ్చారు. నేల పైకి లేచింది. అంతా సమానంగా లేస్తే ఇంటికేమీ కాదు. వాసెన్‌బెర్గ్‌లో ఫాల్ట్‌కు (భూమిలో రాళ్ళు చీలి జరిగిన గీతకు) ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ లేచి, ఆ గీత మీదున్న ఇళ్ళ గోడలు చీలాయి.

కొలబద్ద

ఈ చర్చలో నాకు బలంగా కనబడిన అంశం వాసెన్‌బెర్గే. ఎస్సెన్‌కు వర్తింపజేసేటప్పుడు మాత్రం ఊరిని రెండుగా చూడండి. ఉత్తరాన బొగ్గు పొరల మీద ఎమ్‌షర్ మార్ల్ అనే మందపాటి బంకరాయి కప్పు ఉంది, అది పైనీటిని, గని నీటిని విడదీస్తుంది. దక్షిణాన రూర్ నది లోయలో ఆ కప్పు లేదు. బొగ్గు పొరలు నేలమీదికే తేలతాయి, వాననీరు నేరుగా దిగుతుంది. అందుకే ఎస్సెన్-ఊబర్‌రూర్‌లోని హైన్రిష్ కేంద్రం ఆ ఆరింటిలో ఉంది, శాశ్వతంగా నడవాలి.

దక్షిణాన ఇంకో గొడవ ఉంది, దాన్ని దీనితో కలపొద్దు. 2013 నవంబర్‌లో ఎస్సెన్ ప్రధాన రైల్వేస్టేషన్ దగ్గర పట్టాల కింద పాత తవ్వకాల గుల్లలు బయటపడి రైళ్ళను నెమ్మదిగా నడపాల్సి వచ్చింది. డ్రిల్లు వేసి వెతికి కాంక్రీటుతో నింపారు. అవి నేలకు దగ్గరగా ఉన్న పాత తవ్వకాలు, చాలావాటికి సరైన పటాలే లేవు. వందల మీటర్ల లోతున మట్టం మారడం వాటిని తాకదు.

నీటిలెక్క

త్సోల్‌ఫెరైన్ ఆపడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. ఆ ఉప్పునీళ్ళు ఎమ్‌షర్‌లో పడేవి. నేల కుంగుతున్నంతకాలం భూమిలో పైపు వేస్తే విరిగిపోతుందని, వందేళ్ళపాటు ఆ నదినే తెరిచిన మురుగుకాలువగా వాడారు. ఆ పని చూసే ఎమ్‌షర్ సహకార సంస్థ 1899లో పుట్టింది. 1992 తర్వాత సుమారు 550 కోట్ల యూరోలతో 430 కిలోమీటర్ల మురుగు పైపులు వేశారు. డార్ట్‌మండ్ నుంచి డిన్స్‌లాకెన్ దాకా 51 కిలోమీటర్ల ప్రధాన సొరంగం కిలోమీటరుకు మీటరున్నర వాలుతో పోతుంది. ఆ వాలుకే చివరికి 40 మీటర్ల లోతుకు చేరుతుంది, మధ్యలో గెల్సెన్‌కిర్షెన్, బోట్రోప్, ఓబర్‌హౌజెన్‌లో ఎత్తిపోయాలి. 2021 చివరికి నదిలో మురుగు ఆగింది. ఇంత చేసి మళ్ళీ గని నీళ్ళు అందులోనే వదలమంటారా? లోబెర్గ్ నీళ్ళు రైన్‌లో పడతాయి, ప్రవాహం అక్కడ ఎన్నో రెట్లు.

భూగర్భం

రైన్ పెద్దది కాబట్టి పలచబడుతుందనే వాదన పీసీబీ విషయంలో ఒప్పుకోను. పలచబడినా మొత్తం తగ్గదు. ఎమ్‌షర్ సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, ఆ నదికి ఇది మేలే.

షాఫ్ట్ 12

ఖర్చు భరించేవాళ్ళ గురించి ఒక మాట. 2007లో పెట్టిన ఆర్‌ఏజీ ఫౌండేషన్ ఎవోనిక్ రసాయన కంపెనీ వాటాల మీద, ఇతర పెట్టుబడుల మీద వచ్చే ఆదాయంతో 2019 నుంచి ఈ శాశ్వత ఖర్చులు కడుతోంది. అది చాలకపోతే భారం ప్రభుత్వాల మీద, అంటే జనం మీద పడుతుంది. తోడకం ఖర్చు తగ్గితే లాభం కంపెనీకొక్కదానికే కాదు.

కొలబద్ద

అయితే షరతులు రాసుకుందాం. నీళ్ళు ఎక్కకముందే ప్రతి ఫాల్ట్ గీతకు రెండువైపులా లెవెల్ గుర్తులు పాతాలి. ఆ గీతల మీదున్న ఇళ్ళ పగుళ్ళను ముందే ఫొటోలతో, వెడల్పుతో నమోదు చేయాలి. ఇది లేకపోతే తర్వాత ఏ పగులు పాతదో ఏది కొత్తదో తేలదు. ఎక్కే నీరు మీథేన్‌ను పైకి నెడుతుంది కాబట్టి పూడ్చిన షాఫ్టుల్లో గ్యాస్ గొట్టాలు తెరిచి ఉంచాలి. మూసిన కేంద్రాల్లోనూ పంపు గొట్టాలు పూడ్చకూడదు.

భూగర్భం

చివరిది నాకు అన్నిటికన్నా ముఖ్యం. లోబెర్గ్ దారి మూసుకుపోతే త్సోల్‌ఫెరైన్‌లో మళ్ళీ పంపు దించగలగాలి. ఆ గొట్టం ఉంటే 600కి నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం పీసీబీది, అది అలాగే ఉంది.