స్టెంట్ తర్వాత విటమిన్ ఈ, బీటా కెరోటిన్ వేసుకోవచ్చా?

ప్రశ్న (మలక్‌పేట)
నాన్నకు 61 ఏళ్లు. మొన్నీమధ్యే స్టెంట్ వేశారు. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్ రాశారు. మా బాబాయేమో "అవన్నీ కెమికల్స్‌రా, రక్తనాళాలు శుభ్రపడాలంటే యాంటీఆక్సిడెంట్లే" అంటూ విటమిన్ ఈ 400, ఒక బీటా కెరోటిన్ డబ్బా తెచ్చిచ్చాడు. నాన్నకు బాబాయి మాట వేదం. రివ్యూ వచ్చే నెల. ఈలోగా వేయొచ్చా?

జవాబు (చిక్కడపల్లి, రిటైర్డ్ ఫార్మసిస్టు)
వేయకండి బాబూ. మీ బాబాయిది గాలి మాటేం కాదు, పాతబడిన మాట. చెడు కొలెస్ట్రాల్ ఆక్సీకరణ చెందితే రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకుంటుందని 1980ల్లోనే చెప్పారు. విటమిన్ ఈ లాంటి యాంటీఆక్సిడెంట్లతో ఆ ఆక్సీకరణను ఆపితే చాలనుకున్నారంతా. 1996లో కేంబ్రిడ్జ్‌లో రోగుల మీద జరిగిన ఒక ట్రయల్ కూడా విటమిన్ ఈ మీద ఆశ పెట్టింది. అప్పట్లో ఆ ఆకుపచ్చ క్యాప్సూల్స్ నా కౌంటర్‌లో పప్పుబెల్లాల్లా పోయేవి.

తర్వాత పెద్ద ట్రయల్స్ వచ్చాయి. 2000లో హోప్ అనే ట్రయల్ ఫలితాలు: విటమిన్ ఈ రోజూ 400 యూనిట్లు, నాలుగున్నరేళ్లు. లాభం సున్నా. దాన్నే పొడిగించి చూస్తే ఈ వేసుకున్నవాళ్లలో హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువైంది. 2002లో బ్రిటన్‌లో 20,536 మందిలో సగం మందికి ఈ, సి, బీటా కెరోటిన్ కలిపి ఐదేళ్లిచ్చారు. అదే కథ. అసలు తమాషా ఏమిటంటే, అదే ట్రయల్‌లో స్టాటిన్ (మీ నాన్నగారి అటార్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందు) వాడినవాళ్లకు గుండెపోట్లు, స్ట్రోకులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అంటే బాబాయి వద్దన్న కెమికలే పనిచేసింది!

మీ నాన్నగారికి సిగరెట్ అలవాటుందా? ఉంటే బీటా కెరోటిన్ అసలు ముట్టనీయకండి. 1994లో ఫిన్లాండ్‌లో అది వేసుకున్న పొగరాయుళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది.

జవాబు (కూకట్‌పల్లి)
మరి ఉసిరికాయ? మా అత్తయ్యగారు రోజూ తింటారు.

జవాబు (చిక్కడపల్లి)
తిననివ్వండమ్మా. కాయ వేరు, డబ్బాలో మాత్ర వేరు. ఆకుకూరలు, జామ, బత్తాయి అన్నీ మంచివే. రైతుబజార్‌లో ఆ డబ్బా ఖరీదుకు సంచి నిండుతుంది. ఉసిరి పచ్చడి మాత్రం బీపీ ఉన్నవాళ్లు చూసుకుని వేసుకోవాలి, అందులో ఉప్పెంతో మీకు తెలుసుగా.

ప్రశ్న వేసినవారు
స్టెంట్ వేసేదాకా కాల్చేవారు సార్. బీటా కెరోటిన్ డబ్బా దాచేశాను. బాబాయితోనే టెన్షన్.

జవాబు (చిక్కడపల్లి)
రాసిన మందులు ఒక్కపూట కూడా ఆపకండి. విటమిన్ ఈకి రక్తాన్ని కొంత పలచబరిచే గుణం ఉంది, ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ఎలాగూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే, వాటి మీద ఇదెందుకు? రివ్యూకి డబ్బాలు పట్టుకెళ్లండి. బాబాయినీ వెంటబెట్టుకెళ్లండి, ఆ ప్రశ్నేదో ఆయన్నే డాక్టరుగారిని అడగమనండి.