ఎల్ నినో వస్తే మన దగ్గర కరువేనా?

ప్రశ్న (దేవరకొండ నుంచి):
ఈసారి ఎల్ నినో అంటున్నారు, ఊళ్లో అందరికీ టెన్షన్. మాది చెల్క, అంటే తేలిక ఎర్ర నేల, బోరు లేదు, పత్తి గింజలు కొని పెట్టాం. ఎక్కడో పెరూ దగ్గర సముద్రం వేడెక్కితే మా వాన ఎందుకు ఆగుతుంది? ప్రతిసారీ ఇంతేనా?

జవాబు:
ప్రతిసారీ కాదు అన్నా. పసిఫిక్‌లో వేడి నీళ్లు మామూలుగా ఇండోనేసియా వైపు ఉంటాయి, గాలి అక్కడ పైకి లేచి మబ్బులు కడుతుంది. ఎల్ నినో ఏడాది ఆ వేడి తూర్పుకు జరుగుతుంది, మబ్బులూ దాని వెంటే పోతాయి, మన వైపు గాలి కిందికి దిగడం ఎక్కువై వాన తగ్గుతుంది. 2002, 2009, 2015లో దెబ్బ తిన్నది అందుకే. 1997లో మాత్రం అంత బలమైన ఎల్ నినోలోనూ దేశం మీద వాన మామూలుగానే పడింది.

జవాబు (నాగర్‌కర్నూల్):
1997లో ఆదుకున్నది హిందూ మహాసముద్రం. ఆఫ్రికా వైపు నీళ్లు వేడిగా, సుమత్రా వైపు చల్లగా ఉంటే మనకు మేలు, దాన్నే డైపోల్ అంటారు. 2019లోనూ అంతే, మనకు మంచి వానలు, తూర్పు ఆఫ్రికాకు వరదలు, పాపం ఆస్ట్రేలియాకు కార్చిచ్చు.

జవాబు:
సీజన్ మొత్తం లెక్క నమ్ముకోవద్దు తమ్మీ. 2023లో దేశంలో సగటు వానలో 94 శాతం పడింది, కానీ 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. చెల్కలో పత్తికి ఆ గ్యాపే ప్రాణాంతకం. తొలి జల్లుకే గింజ పెట్టకు, నేల జానెడు లోతు తడవనీ. నడుమ కంది సాళ్లు వేసుకో.

ప్రశ్న అడిగినతను:
డైపోల్ సంగతి ఎప్పుడు తెలుస్తది?

జవాబు (నాగర్‌కర్నూల్):
వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి చెప్తుంది, మే చివర్లో మళ్లీ సవరిస్తుంది. ఆ రెండోది చూడు.